మంత్రికి చెప్పే ఆట

ఆయన ఏనుగును రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్క గడి పక్కకు జరిపాడు. గడియారం మీట నొక్కాడు. తర్వాత బల్ల మీదకు కొంచెం వంగి, గుడిలో పక్కవాళ్ళతో మాట్లాడినంత మెల్లగా, "మంత్రికండమ్మా. సూసుకోండి" అన్నాడు.

నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

అంతకు అరనిమిషం ముందు వరకు నేను చాలా ధీమాగా ఉన్నాను. ఎంత ధీమా అంటే, ఎదురుగా చదరంగం బల్ల పెట్టుకుని, మా చిన్నాడికి కాళ్ళకు మేజోళ్ళు తొడిగానా లేదా అని ఆలోచిస్తున్నాను. చింతపల్లి చలిలో ఐదేళ్ళ పిల్లాడు మేజోళ్ళు లేకుండా కల్యాణ మండపం అరుగు మీద గంతులేస్తే రాత్రికి దగ్గు ఖాయం. నా బుర్ర సగం ఆ మేజోళ్ళలో ఉండగా, నా మంత్రి ఒంటరిగా అవతలి మూలకు వెళ్ళి ఒక బంటును తినేసి కూర్చుంది. కాలేజీ రోజుల నుంచీ నాకున్న చెడ్డ అలవాటది. ఊరికే దొరికే బంటు కనిపిస్తే ఆగలేను.

ఆయన ఆ మాట అన్నాక గానీ బల్లను సరిగ్గా చూడలేదు. ఏనుగు నా మంత్రికి ఎదురుగా నిలబడి ఉంది. మంత్రి పారిపోవడానికి సరిగ్గా ఒక్క గడి ఉంది. ఆయన నోరు విప్పకపోతే నేను హాయిగా శకటును జరిపేదాన్ని. మరుసటి ఎత్తులో మంత్రి పోయేది. మంత్రి పోతే ఆట పోయినట్టే.

ఇదంతా అర్థం కావడానికి నాకు ఐదారు సెకన్లు పట్టింది. ఈలోగా నా చెయ్యి తనంతట తను పైకి లేచిపోయింది. ఎదుటివాళ్ళు ఆటలో మాట్లాడితే జవాబివ్వొద్దు, చెయ్యెత్తి తీర్పరిని, అదే ఆర్బిటర్‌ని పిలవమని కాలేజీలో మాకు ఆట నేర్పిన సారు నూరిపోశారు. తొమ్మిదేళ్ళుగా పోటీలో ఆడకపోయినా ఆ చెయ్యి మాత్రం పాఠం మర్చిపోలేదు.

అసలు నేనక్కడ ఎందుకున్నానో చెప్పాలి.

మా పెద్దదానికి ఎనిమిదేళ్ళు. వర్షాకాలంలో నర్సీపట్నంలో పిల్లల పోటీకి తీసుకెళ్తే, మొదటి ఆటలోనే పది ఎత్తుల్లో ఓడిపోయింది. ఓడించిన పిల్ల లేచి వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తి, "అప్పుడే అయిపోయింది" అంది. ఆ మాట మా దానికి ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చి బోర్డును మంచం కిందకు తోసేసింది. నేను ఎన్ని కబుర్లు చెప్పినా, ఎన్ని చాక్లెట్లు చూపించినా ఆ బోర్డు మళ్ళీ బయటికి రాలేదు. అంతకుముందు అన్నం తినేటప్పుడు కూడా పక్కన గుర్రాన్ని పెట్టుకునే పిల్ల.

డిసెంబరులో మా ఊళ్ళోనే టోర్నమెంటు పెట్టారు. శనివారం పెద్దవాళ్ళకు, ఆదివారం పిల్లలకు. ఆడమని బతిమాలాను. అది నన్ను పైనుంచి కిందకు చూసి, "నాకు చెప్తావేంటి, నువ్వాడు ముందు. నువ్వు మొదటి ఆట గెలిస్తే నేను ఆదివారం ఆడతా. ఓడిపోతే ఇంక నన్నెప్పుడూ అడక్కు" అంది.

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి కారణం ధైర్యం కాదు, నా రేటింగు. రేటింగంటే టోర్నమెంటుల్లో గెలుపోటములను బట్టి ఇచ్చే అంకె. నాకు పద్నాలుగు వందల పైచిలుకు ఉంది. బయటి ఊళ్ళలో ఆ అంకెను ఎవరూ పట్టించుకోరు. కానీ మొదటి రౌండులో పై సగం వాళ్ళకు కింది సగం వాళ్ళతో ఆట వేస్తారని నాకు తెలుసు. అంటే నాకు రేటింగు లేనివాళ్ళే తగులుతారు. చూశారా, కన్నకూతురితో పందెం కాసేటప్పుడు కూడా జాతకం చూసుకుని కాశాను.

శనివారం పొద్దున గోడ మీద అంటించిన కాగితంలో నా పేరు పక్కన అంకె, ఎదుటి పేరు పక్కన సున్నా. ఆ సున్నా ఎవరా అని చూస్తే, లంబసింగి రోడ్డులో షేరు జీపు నడిపే ఆయన. యాభై ఏళ్ళుంటాయి. మంకీ క్యాపు, పైన ఖాకీ చొక్కా, దాని మీద ఇంకో స్వెట్టరు. మా కొట్లో బీడీకట్ట, అగ్గిపెట్టె కొంటాడు.

మా మామగారు కాగితం చూసి నవ్వారు. ఆయన కొట్టు మనవల కోసం మూసేసి వచ్చారు. మా ఆయన సరుకుకి వెళ్ళాడు కాబట్టి పిల్లలిద్దరి కాపలా మామగారిదే.

"జీపాయనేటమ్మా? బేగి గెలిచీసి వచ్చీ. టీ తాగి ఇంటికెల్లిపోదాం" అన్నారు.

"తాతయ్యా, అలా అనకు, అమ్మకి టెన్షన్" అంది నా కూతురు. అన్నది తనే అయినా, నా చెయ్యి వదలకుండా పట్టుకున్నది కూడా తనే.

అదీ సంగతి. ఇక చెయ్యెత్తిన దగ్గరికి వస్తాను.

ఆర్బిటర్ వచ్చాడు. మెడలో ట్యాగు, చేతిలో ప్యాడు, ముఖం నిండా రూల్సు. "ఏమైంది మేడమ్?"

"మాట్లాడుతున్నారు" అన్నాను. 

"ఏం మాట్లాడారు?"

నేను చెప్పేలోపు ఆయనే చెప్పేశాడు. "మంత్రికి సెప్పేను బాబూ."

"చెప్పకూడదు."

"మంత్రికా?"

"మంత్రికి కాదు, రాజుకి కాదు, దేనికీ చెప్పకూడదు. ఆటలో ఎదుటివాళ్ళతో మాట్లాడకూడదు."

"మరి సెప్పకుండా ఎలా ఆడతారండి?" ఆయన నిజంగానే అడుగుతున్నాడు. "ఆ యమ్మ సూసుకోనేదు. తెల్లారగట్ల లేచి పిల్లల్ని తయారుసేసి వచ్చుంటది, ఎక్కడో ఆలోసన. నాను సెప్పకపోతే మంత్రి ఎల్లిపోదేటి?"

పక్క బల్లల దగ్గర ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. ఆర్బిటర్ కూడా నవ్వాపుకుని, "ఇది వార్నింగ్. మళ్ళీ మాట్లాడితే ఆట ఓడిపోయినట్టు రాసేస్తాను" అని, నా గడియారానికి రెండు నిమిషాలు కలిపి వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పడం వల్ల నా మంత్రి బతికింది. ఆయన చెప్పాడని నేను ఫిర్యాదు చేయడం వల్ల నాకు రెండు నిమిషాలు ఎక్కువ దొరికాయి. రెండూ నా జేబులోకే వచ్చాయి. నేను తల వంచుకుని మంత్రిని ఆ ఉన్న ఒక్క గడిలోకి జరిపాను.

తర్వాత ముప్పావుగంట నాకు చెమటలు పట్టాయి, అదీ డిసెంబరులో, చింతపల్లిలో. ఆయన ఆడే తీరు మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఘాటు రోడ్డులో ఎదురు లారీ వస్తే ఎవరు వెనక్కి తీసుకోవాలో తేల్చుకునే రకం ఆట. ముక్కు ముందుకు పెట్టేస్తాడు. మీరు తగ్గితే తను వస్తాడు. నేను తగ్గుతూ పోయాను. మొదట గుర్రం పోయింది. తర్వాత రాజు ముందున్న బంట్లు పోయాయి. నా రాజు వాకిలికి తలుపు లేని ఇంట్లో ఉన్నట్టు ఉన్నాడు.

ఇంతలో ఒక వింత గమనించాను. నా మంత్రి మీదకు వచ్చినప్పుడల్లా ఆయన మీట నొక్కి, వెంటనే అరచేత్తో నోరు మూసుకుంటున్నాడు. మాట బయటికి జారిపోకుండా. ఒకసారి మంకీ క్యాపు అంచును నోటి మీదకు లాక్కున్నాడు. అంటే చెప్పకుండానే చెప్తున్నాడు! నేను బల్లను చూడడం మానేసి ఆయన చేతిని చూడడం మొదలుపెట్టాను. చెయ్యి నోటి మీదకు వెళ్ళిందా, మంత్రిని జరుపు. వెళ్ళలేదా, ఊపిరి పీల్చుకో. ఇలా నాలుగుసార్లు తప్పించుకున్నాను.

కిటికీ ఊచల అవతల నా కూతురి ముఖం. దాని పక్కన మా చిన్నాడి తల వస్తూ పోతూ ఉంది, ఎగురుతున్నాడు కాబోలు. మామగారు పిల్లదాని భుజం మీద చెయ్యేసి నిలబడ్డారు. ఆయనకు ఆట తెలీదు గానీ నా ముఖం చదవడం వచ్చు. నవ్వడం మానేశారు. పిల్ల ముఖం మాత్రం నర్సీపట్నంలో ఓడిన రోజు ఎలా ఉందో అలా తయారవుతోంది. దాన్ని చూడకూడదనుకున్నాను. చూశాను. ఈ ఆట పోతే మంచం కింది బోర్డు ఇంక బయటికి రాదు. అది అన్న మాట అదే, అది మాట మీద నిలబడే పిల్ల.

అప్పుడు నా శకటును ఒక మూలకు లాగాను. భయపడి వెనక్కి తగ్గినట్టు కనిపించే ఎత్తు. నిజానికి ఆ మూల నుంచి ఏటవాలుగా చూస్తే, బల్ల అవతలి చివర ఆయన మంత్రి ఉంది. మధ్యలో అడ్డం ఏమీ లేదు.

మీట నొక్కాను.

ఆయన బల్ల వైపు చూడలేదు. నా వైపు చూశాడు. ఒక్క క్షణం, ఏదో వినడానికి ఎదురుచూస్తున్నట్టు. నేనేమీ అనలేదు. అనకూడదు కదా. ఆర్బిటర్ రెండు బల్లల అవతల ఉన్నాడు. నేను ఏమీ అనకపోయేసరికి ఆయన తృప్తిగా తల ఊపి, ఏనుగును నా రాజు పక్క వరుసలో పెట్టాడు. ఇంకొక్క ఎత్తుంటే నా పని అయిపోయేది.

నేను ఆయన మంత్రిని కొట్టేశాను.

ఆయన నా శకటును చూశాడు. మూల గడిని చూశాడు. వేలితో గాల్లో ఆ ఏటవాలు గీతను గీసుకున్నాడు. తర్వాత, "సెప్పనేదేటమ్మా?" అన్నాడు.

కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. దారిలో తెలిసినవాళ్ళు పలకరించకుండా వెళ్ళిపోతే అడిగినట్టు అడిగాడు. అడిగాక తనకే గుర్తొచ్చింది. "ఓ... ఇక్కడ సెప్పకూడదు కదేటి" అని చప్పున అరచెయ్యి నోటి మీద పెట్టుకున్నాడు.

ఆర్బిటర్ ఇటు తిరిగాడు. "మళ్ళీ మాట్లాడారా మేడమ్?"

ఈసారి నా చెయ్యి లేవలేదు. "లేదు సార్" అన్నాను. అబద్ధం. ఆ రోజు మొత్తంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

మంత్రి పోయాక కూడా ఆయన ఇరవై ఎత్తులకు పైగా ఆడాడు. మిగిలిన రెండు ఏనుగులతో నన్ను ఎంత సతాయించాడంటే, గెలిచాక నాకు సంతోషం కంటే నీరసం ఎక్కువ వచ్చింది. చివరికి రాజును పడుకోబెట్టి చెయ్యి చాపాడు. నేను లేస్తుంటే కిటికీలో ఉన్న నా కూతురి వైపు గడ్డంతో చూపించి, "గుంట సూత్తంది. నవ్వండమ్మా, గెలిసినోరు అలాగుంటారేటి" అన్నాడు.

నవ్వాను.

బయట టీ బండి దగ్గర నా కూతురు నన్ను చుట్టేసుకుంది. మా చిన్నాడు మేజోళ్ళు తొడుక్కునే ఉన్నాడు, కానీ ఒకటి ఎర్రది, ఒకటి నీలం. జీపాయన టీ గ్లాసు పట్టుకుని మా దగ్గరికే వచ్చాడు. మామగారు ఊరుకోలేదు.

"ఏటోయ్, మా కోడలి చేతిలో అయిపోనావా?"

"అయిపోనానండి షావుకారు గారూ. మంత్రికి సెప్పకుండా ఆడే ఆట మా స్టాండులో నేదు."

అదేమిటని అడిగాను. ఆయన టీ ఊదుకుంటూ చెప్పాడు. జీపు స్టాండులో బానెట్ మీద బోర్డు పెడతారు. పాసింజర్లు నిండేదాకా ఆట. ఎవరి జీపు నిండితే వాళ్ళు లేచి వెళ్ళిపోవాలి. సగంలో ఉన్న ఆటను వరుసలో తరువాతి జీపు డ్రైవరు వచ్చి కూర్చుని అక్కడి నుంచి ఆడతాడు. పొద్దున మొదలైన ఆట సాయంత్రానికి ఐదారు చేతులు మారుతుంది.

"కొత్తగా వచ్చి కూకున్నోడికి ముందరేటి జరిగిందో తెల్దు కదమ్మా. మాకందరికీ ఒక కన్ను బోర్డు మీదుంటే ఒక కన్ను రోడ్డు మీదుంటది. అందుకని మంత్రి మీదకొస్తే సెప్పాల. సెప్పకుండా కొట్టినోడితో మర్నాడు ఎవడూ ఆడడు."

"అయితే మా కోడలితో ఎవరూ ఆడరన్నమాట" అని మామగారు పకపకా నవ్వారు.

"అయ్యో, ఆ యమ్మ తప్పేటి? ఇక్కడి రూలు ఇక్కడిది" అని, ఆయన నా కూతురి వైపు తిరిగి, "మీ యమ్మ గట్టిదే పాపా. నాకు సుక్కలు సూపించింది" అన్నాడు.

పిల్ల ముఖం చాటంత అయింది. నేను టీ గ్లాసు బండి మీద పెట్టి, చిన్నాడి మేజోడు పైకి లాగాను. ఆ తర్వాతి రౌండ్లలో ఆయన నాకంటే ఒక అర పాయింటు ఎక్కువే తెచ్చుకున్నాడు. ఎవరి బల్ల దగ్గరా మళ్ళీ నోరు విప్పలేదని, తన మంత్రిని మాత్రం క్షణానికోసారి తడిమి చూసుకున్నాడని పక్కన ఆడినవాళ్ళు చెప్పారు.

ఇంటికొచ్చీ రాగానే మంచం కింద నుంచి బోర్డు బయటికొచ్చింది. పిల్లలు దాని దుమ్ము నా చీరకే తుడిచారు. నా కూతురు తాతయ్యకి ఆ ఆట ఐదుసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నేను ఇంకొంచెం గొప్పదాన్ని అయ్యాను. మొదటిసారి, "అమ్మ మంత్రిని కొట్టింది." ఐదోసారికి, "అమ్మ మొదటి నుంచీ కావాలనే ఓడిపోతున్నట్టు నటించింది, తాతయ్యా."

వంటింట్లో ఉన్న నాకు పోపు మాడిన వాసన వచ్చింది. నిజంగానే మాడింది.

మామగారు నీళ్ళ కోసం వచ్చి నన్ను చూశారు. "ఏటమ్మా, గెలిచి కూడా అలాగున్నావు?"

ఆయనకు చెప్పాను. జీపాయన నాకు చెప్పాడని, నేను చెయ్యెత్తానని, నేను మాత్రం ఆయనకు చెప్పలేదని. పిల్లతో ఈ మాట అనాలా వద్దా అని తేలడం లేదని.

"నీకేటైనా పిచ్చా? గుంట నాలుగు నెలల తర్వాత బోర్డు ముట్టుకుంది. రూలు ప్రకారం గెలిచావు. ఊరుకో. రేపు అది ఆడీసి వచ్చాక చెప్పుకుందువు గాని."

మంచి సలహానే. రాత్రి పిల్లలు పడుకున్నాక నోట్‌బుక్కులో ఇదంతా రాసుకుంటున్నప్పుడు కూడా అది మంచి సలహాలాగానే కనిపించింది. కానీ, రేపు ఎదుటి బల్ల దగ్గర నా కూతురు చెయ్యెత్తుతుందేమో. ఎవరి మీదనో. అమ్మ అలాగే గెలిచిందనుకుని. లేదా, అమ్మలు నటించి గెలుస్తారని నమ్మి, తను నిజంగా ఓడిపోతున్నప్పుడు అమ్మ లాంటిదాన్ని కాలేకపోయానని ఏడుస్తుందేమో. నాకు భయాలు ఒక్కొక్కటిగా రావు, సంతకు వచ్చినట్టు గుంపుగా వస్తాయి.

పొద్దున మంచు కిటికీ దాకా వచ్చి నిలబడింది. పిల్లలిద్దరూ దుప్పట్లు కప్పుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉప్మా తింటున్నారు. మామగారు వాకిట్లో పళ్ళు తోముకుంటున్నారు. ఇదే సమయమనుకున్నాను.

నిన్నటి ఆట జరిగింది జరిగినట్టు చెప్పాను. నటించలేదని చెప్పాను. నిజంగానే ఓడిపోతూ వచ్చానని, జీపాయన మొదట్లోనే చెప్పకపోయి ఉంటే పదిహేను ఎత్తుల్లో అయిపోయేదని చెప్పాను.

"ఆయన నీకు హెల్ప్ చేస్తే నువ్వు సార్‌కి చెప్పేశావా?" అంది పెద్దది.

"చెప్పేశాను. కంగారులో. తర్వాత సిగ్గేసింది."

"సార్ జీపు మామయ్యని కొట్టాడా?" అన్నాడు చిన్నాడు.

"కొట్టలేదు నాన్నా. వార్నింగ్ ఇచ్చాడు."

పెద్దది ఉప్మాలో చెంచా గుచ్చింది. "అయితే మన పందెం చెల్లదు" అంది.

"చెల్లదు. నువ్వు ఆడాలని నేను ఇంక అడగను."

"ఇవాళ నా మంత్రికి ఎవరైనా వస్తే చెప్తారా?"

వాకిట్లో మామగారు పళ్ళు తోమడం ఆపేసిన చప్పుడు వినిపించింది. నేను దాని ఎదురుగా కూర్చుని చెప్పాను.

"ఎవరూ చెప్పరు. నువ్వే చూసుకోవాలి. చూసుకోకపోతే పోతుంది. నిన్న ఆయనది పోయింది, అయినా ఇరవై ఎత్తులు నన్ను నిద్రపోనివ్వలేదు. పది గంటలకి మొదలు. వెళ్దామంటే స్వెట్టరు వేసుకో, వద్దంటే ఇంట్లోనే ఆడుకుందాం, నాకు రెండూ ఇష్టమే. ఒకవేళ ఆడితే, ఒకవేళ ఎవరైనా పొరపాటున నీకు చెప్తే, నాలాగ చెయ్యెత్తకు. తల ఊపు. మంత్రిని పక్కకి జరుపుకో."